గురి కుదిరిన చేయి

ఎర్రని బండలను నిట్టనిలువుగా కోసికొని పెన్న పారుచున్న గండికోటలో, బురుజుమీద నిలిచి ఆవలి గట్టును చూచినవారికి, ఒకనాటి విలుకాండ్రు ఈ గోడలనుండి గురిచూచిన దూరములు తలపునకు రాకపోవు. అయితే పిమ్మట సేనాని మీర్ జుమ్లా ఈ కోటను గైకొనెను. 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వచ్చునప్పటికి ఇచ్చట ఫిరంగులు పోతపోయించుచుండెను. వింటికి యుద్ధమున కాలము చెల్లెను.

కాలము చెల్లిన ఆయుధవిద్య ఆటగా బ్రదుకుట కద్దు. ఇంగ్లండున గోడపలకమీదికి చిన్న బాణములను చేతితో విసరు డార్ట్స్‌లో ఫిల్ టేలర్ 16 మారులు జగజ్జేత యయ్యెను. తెలుగునాట అట్టి గురికాండ్ర జీవితమును చూడగోరువారు విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖను చూడవలెను. 1996లో జన్మించి, పసితనముననే కృష్ణానదిని ఈదిన పిల్ల యామె.

ఆమె చేపట్టిన కాంపౌండ్ వింటికి రెండు కొనలందును చక్రములుండును. నారి లాగునప్పుడు మొదట బరువంతయు చేతిమీద పడినను, నిండుగా లాగునప్పటికి చక్రములు తిరిగి అందులో పెద్దపాలు తామే మోయును. నారిలోని సన్నని రంధ్రముగుండా, ముందరి భూతద్దముగుండా లక్ష్యము నడుమనున్న పసుపు వలయము కనబడును. విల్లు ఒరిగినదో లేదో ఒక బుడగ చెప్పును. ఇంత యంత్రముండగా నేర్పెక్కడ నని అడుగువారు కలరు. చిక్కంతయు విడుచుటయందే యున్నది. నారిని పట్టియుండు కొక్కెమును తటాలున మీటినచో బాణము చెదరును. వీపు కండరములు మెల్లగా బిగియుచుండగా, విలుకత్తె ఎదురుచూడని క్షణమున అది దానంతట వీడవలెను. గాలి త్రిప్పినచో కావలెనని ప్రక్కకు గురిచూచి నడుమ కొట్టవలెను. పోటీలో బాణమునకు 20 సెకండ్లు గడువు. 50 మీటర్ల ఆవల పది పాయింట్ల వలయము వెడల్పు 8 సెంటీమీటర్లు.

2023లో బెర్లిన్‌లో అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌లతో కూడి ఆమె ప్రపంచ విలువిద్యా పోటీలలో భారతమునకు తొలి స్వర్ణము తెచ్చెను. అదే యేట హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణములు గెలిచెను, వ్యక్తిగత తుదిపోటీలో 15 బాణములకు 150కి 149 సాధించెను. నాకు మాత్రము అంతకన్న 2025 నాన్‌జింగ్ ప్రపంచకప్ ఫైనల్ ఘనమైనదిగా తోచును. సెమీఫైనల్లో ఓడి, కంచుపతకమునకై బ్రిటన్ విలుకత్తె ఎల్లా గిబ్సన్‌తో తలపడి, పదునైదు బాణములను పదిలోనే నాటి 150 సంపాదించినది. ఓటమి వెనువెంట చేయి అట్లు నిలుచుట సామాన్యము కాదు.

ఒలింపిక్స్‌లో ఇన్నాళ్లు చోటులేని ఈ విల్లు, 2028 లాస్ ఏంజెలెస్‌లో మిశ్రమ జట్టు పోటీగా ప్రవేశించనున్నది. అప్పటికి సురేఖకు 32 ఏండ్లు నిండును. వయస్సు మీరునని శంకించువారు, టేలర్ తన చివరి ప్రపంచ బిరుదమును 52 ఏండ్ల వయస్సున గెలిచెనని ఎరుగవలెను.