నల్లరాతి గట్టు

కడప బండ అందం తెలియాలంటే దాన్ని తడిపి చూడాలి. ఆరినప్పుడు పలక రంగులో మసగ్గా, ఏ ప్రత్యేకతా లేనట్టు ఉంటుంది. చెంబెడు నీళ్లు పోసి గుడ్డతో అటూ ఇటూ ఒక్క తుడుపు తుడిస్తే చాలు, రాయి లోపల్నుంచి కాటుక నలుపు పైకి వస్తుంది. ఏ మూలో దాగి ఉన్న సన్నటి తెల్ల గీత బయటపడుతుంది. ఎదురుగా ఉన్న కిటికీ ఊచలు ఆ తడిలోకి దిగి నిలబడతాయి. కాసేపటికి అంచుల దగ్గర నలుపు తగ్గుతూ వచ్చి, మధ్యలో చిన్న మడుగంత మిగిలి, అదీ పోతుంది. రాత్రి వంటిల్లు సర్దుకుని గట్టు తుడిచే ఇళ్లన్నిట్లో ఈ మార్పు రోజూ కళ్లముందే జరుగుతోంది. తెలుగువారి వంటింట్లో ఇంతకన్నా గొప్ప రంగుల ఆట నాకు కనపడలేదు.

పాత ఇల్లు బాగుచేయించుకునేవాళ్లు ముందుగా చేసే పని ఈ బండను పగలగొట్టించడం. అందుకే దాని తరఫున నాలుగు మాటలు చెప్పాలి.

కర్నూలు, నంద్యాల, తాడిపత్రి వైపు దీన్ని నాపరాయి అంటారు. జాతికి సున్నపురాయి. నేలమీద ఇంకా గడ్డిపోచ కూడా మొలవని కాలంలో సముద్రం అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని, గట్టిపడి రాయయింది. ఆ పొరలే దాని గుణం, దాని అందం. బేతంచెర్ల, కొలిమిగుండ్ల గనుల్లో పనివాళ్లు పొర కలిసే చోటు చూసి ఉలి దించి సమ్మెట వేస్తే, బండ బల్లపరుపుగా విడివడి వస్తుంది. ఆ పల్లెల్లో నేల మీద పరిచిందీ అదే, గోడకు పేర్చిందీ అదే, దొడ్డికి కంచెగా నిలబెట్టిందీ అదే. పాలిష్ పట్టని నాపరాయి మీద అరచెయ్యి ఆనిస్తే కంటికి ఆనని ఎత్తుపల్లాలు తగులుతాయి. ఆనాడు బురద పరుచుకున్న తీరు అది. అద్దంలా మెరవాలన్న తొందరలో యంత్రం కింద పెట్టి దాన్ని చెరిపేయడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

కట్టెల పొయ్యి పోయి కిరసనాయిలు స్టవ్వు, దాని వెనకే గ్యాసు పొయ్యి వచ్చాక, పీట మీద కూర్చుని వండే మనిషి లేచి నిలబడింది. నిలబడ్డ మనిషికి నడుమెత్తున గట్టు కావాలి. మేస్త్రీలు రెండు మూడు పొట్టి ఇటుక గోడలు లేపి, వాటి మీద కడప బండ పరిచారు. రెండడుగుల వెడల్పు, 32 నుంచి 34 అంగుళాల ఎత్తు. కింది ఖాళీలో గ్యాసు సిలిండరు, బియ్యం డబ్బా. ఎదుటి గోడలో అంగుళం మందం బండలు దూర్చి అరలు. వెల్ల వేసిన గోడ మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా నాలుగైదు నల్లటి గీతలు. గీత గీతకూ కింద దాని నీడ. మీద వరసగా స్టీలు డబ్బాలు, ఇత్తడి గిన్నెలు, ఊరగాయ జాడీలు. ఆ కూర్పులో తలుపు లేదు, గడి లేదు, మరమేకు లేదు. ఏది మోస్తోందో, దేన్ని మోస్తోందో చూసిన కంటికి ఇట్టే తెలిసిపోతుంది. కట్టడం తనను తాను దాచుకోకూడదని పెద్ద పెద్ద వాస్తుశిల్పులు గ్రంథాలు రాశారు. మన మేస్త్రీలు ఆ మాట అనకుండానే వీధి వీధినా కట్టి చూపించారు.

ఇక మచ్చల సంగతి. సున్నపురాయికి పులుపు పడదు. చింతపండు రసం ఒలికి నిలిచినా, నిమ్మచెక్క బోర్లించినా అక్కడ మెరుపు పోయి మసక మరక మిగులుతుంది. కొట్టువాళ్లు దీన్ని లోపంగా చెబుతారు. ముప్పై ఏళ్లు వాడిన గట్టు ముందు నిలబడి చూసినవాళ్లు ఆ మాట అనలేరు. స్టవ్వుకు కుడివైపు జానెడు దూరంలో మరకలన్నీ ఒకేచోట గుమిగూడి ఉంటాయి: పులుసు గరిటె పెట్టే చోటు అది. సింకుకు ఇవతల నిమ్మచెక్క కొలతకు సరిగ్గా సరిపోయే గుండ్రటి ముద్ర. చాకు ఉక్కు ఈ రాతికన్నా గట్టిది కనుక, కూరలు తరిగిన చోట సన్నటి గీతలన్నీ ఒకే వాలుగా పడతాయి; ఆ వాలును బట్టి తరిగింది కుడిచేత్తోనా ఎడంచేత్తోనా చెప్పెయ్యవచ్చు. ముందంచు మాత్రం చీరకొంగు రాసుకుని రాసుకుని, ఏ పాలిష్ యంత్రానికీ చేతకాని మెత్తటి మెరుపు తేలి ఉంటుంది. అరచేతి రేఖల్లాగే ఒక ఇంటి గట్టు ఇంకో ఇంటికి కలవదు.

కొత్త ఇళ్లలో ఈ స్థానం గ్రానైటుకు దక్కింది. అందులోనూ మహారాణి ఒంగోలు పక్కన చీమకుర్తి గెలాక్సీ. నల్లటి ఒంట్లో బంగారు చుక్కలు ఉండే ఈ రాయికి ప్రపంచంలో చీమకుర్తి ఒక్కటే చిరునామా. అక్కడి నుంచి దిమ్మెలుగా ఓడలెక్కి దేశదేశాల వంటిళ్లకు చేరింది. అమ్మేది గ్రానైటు అన్న పేరుతోనే కానీ శాస్త్రం లెక్కలో ఇది గాబ్రో జాతి. కడప బండ నీటి బిడ్డ అయితే ఇది నిప్పు బిడ్డ. భూమి లోతుల్లో కరిగిన శిల తొందర లేకుండా చల్లారుతూ పెద్ద పెద్ద స్ఫటికాలు కట్టింది. వాటిలో బ్రాంజైట్ అనే ఖనిజానివి ఆ చుక్కలు. రాయి ముందు నిలబడి తల కొద్దిగా కదిలించండి. వెలిగిన చుక్క ఆరిపోయి, ఆరి ఉన్నది వెలుగుతుంది. స్ఫటికం లోపలి పలచటి రేకులు వెలుతురు ఒక కోణంలో తగిలితేనే దాన్ని వెనక్కి విసురుతాయి మరి. ఆగ్నేయపు వంటింట్లో తూర్పు కిటికీ ఉంటే, ఉదయం ఎండ గట్టు మీద వాలుగా పడే ఆ అరగంట ఈ రాయిని చూడాలి. పులుపుకు చెక్కు చెదరదు, చాకుకు లొంగదు. ఎన్నాళ్లు వండినా వండిన గుర్తు మిగుల్చుకోదు. అది దాని గొప్పతనం. నాకు దాని మీద ఉన్న ఒకే ఒక్క బెంగా అదే.

తెల్ల క్వార్ట్జ్ పలకల మోజు గురించి ఎక్కువ చెప్పను. పిండిచేసిన రాతిని రెసిన్‌తో అతికించి పోత పోసినవి అవి. పొయ్యి మీంచి దించిన ఇనప మూకుడు నేరుగా పెడితే రెసిన్ కమిలి మచ్చపడుతుంది, పసుపు పడితే వదలడానికి మొండికేస్తుంది. పోపు పెట్టే ఇంటికి అది సరైన పీఠం కాదని నా తీర్పు.

పాత ఇంటి వంటిల్లు తిరగకట్టించేవాళ్లు రెండు రాళ్లనూ ఒకే చోట ఉంచుకోవచ్చు. స్టవ్వు, సింకు ఉండే భాగానికి గెలాక్సీ వేయించండి. పాత కడప బండను జాగ్రత్తగా లేపించి, మరకలతో సహా, కిటికీ కింద విడిగట్టుగా పరిపించండి. పిండి కలపడానికి, కూరలు తరగడానికి దానంత చల్లటి చోటు దొరకదు. గోడ అరలను కదిలించవద్దు. వాటికి చెక్క తలుపులు బిగిస్తే ఆ నల్లగీతలూ వాటి నీడలూ రెండూ పోతాయి. దీపం నడినెత్తిన పెడితే వండేవాళ్ల నీడే గట్టు మీద పడుతుంది కనుక, అర కింద అంచున సన్నటి లైటు వేయించండి. రాతి మీద వెలుతురు పక్కనుంచి పాకాలి. అంచును నగిషీలతో గుండ్రం తిప్పించే ఖర్చు అనవసరం. పదును మాత్రం తీయించి తిన్నగా వదిలేస్తే చాలు.

ఇల్లు బాగుచేయించే పని మొదలుపెట్టబోతున్నవారికి ఒక మనవి. పగలగొట్టే మనిషి సమ్మెట ఎత్తకముందే ఆ బండ మీద చెంబెడు నీళ్లు పోసి, ఒక్కసారి తుడిచి చూడండి. ఆ తర్వాత కూడా వద్దనుకుంటే తీయించండి, కానీ ముక్కలు చేయించకండి. పగలకుండా లేపితే పెరట్లో అరుగుకైనా పనికొస్తుంది.