ప్లేటు చదివే కన్ను

ఫ్లూ టీకాలో ఏ వైరస్ రకాలుండాలో ఏటా రెండుసార్లు తేలుస్తారు. ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952లో మొదలుపెట్టిన ఈ ఉమ్మడి పనిలో నేడు వందకు పైగా దేశాల ల్యాబులున్నాయి. మన పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ అందులో ఒకటి. శాస్త్రవేత్తల పేర్లు పత్రికల్లో వస్తాయి. కానీ నాకు టెక్నీషియన్ల పనితనమంటే మహా గౌరవం.

ముక్కులోంచి స్వాబ్ తీయడం దగ్గరే నేర్పు మొదలవుతుంది. ఏడ్చే పసిబిడ్డనైనా ఎక్కువ నొప్పించకుండా తగినంత నమూనా తీయాలి. చల్లదనం తగ్గకుండా, మూడు పొరల ప్యాకింగులో దాన్ని ల్యాబుకు పంపాలి.

అసలు విద్య గుంటల ప్లేటు మీద. అందులో వైరస్‌నూ యాంటీబాడీలనూ కలిపి, టర్కీ కోడివో గినీపందివో ఎర్రరక్తకణాలు వేస్తారు. వైరస్ పట్టుకుంటే అవి పలుచగా పరుచుకుంటాయి. యాంటీబాడీలు వైరస్‌ను అడ్డుకుంటే అడుగున ఎర్రటి చుక్కగా చేరతాయి. ప్లేటు వంచితే ఆ చుక్క కన్నీటిచారలా జారుతుంది. జారిందా లేదా అన్నది గుంట గుంటకూ చూసి రాయాలి. ఎంత ఓపిక! కణాల పాళ్లు కాస్త మారినా లెక్క తప్పుతుంది. ఆ పాళ్లను అన్నిచోట్లా ఒకే పద్ధతిలో సరిచూస్తేనే లండన్ ల్యాబు ఫలితాన్ని మెల్‌బోర్న్, టోక్యో ల్యాబుల ఫలితాల పక్కన పెట్టి పోల్చగలుగుతారు.