కాలి కింద సంగీతం

కీబోర్డు క్లాసుకు వెళ్లే పిల్లల్లో ఎవరినైనా ఏదో ఒకటి వాయించమనండి. సినిమా పాట అయ్యాక వరసలో వచ్చేవి దాదాపు ఖాయం: యిరుమా ‘రివర్ ఫ్లోస్ ఇన్ యూ’, లేదంటే లుడోవికో ఐనౌది ‘నువోలె బియాంకె’. మొదటిది దక్షిణ కొరియా స్వరకర్తది, 2001లో వచ్చింది. రెండోది ఇటలీ ఆయనది, 2004 నాటిది. ఐనౌది పేరు వినకపోయినా ఆయన బాణీ చెవిన పడే ఉంటుంది. మన ‘ఊపిరి’కి మాతృకైన ఫ్రెంచి సినిమా ‘ది ఇంటచబుల్స్’లో వినిపించే పియానో ఆయనదే.

గట్టిగా సాధన చేసి పైకొచ్చిన పియానిస్టులకు ఈ బాపతు సంగీతమంటే చిన్నచూపు. నాలుగు కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తులు, తిప్పితిప్పి వాయించడమేగా అంటారు. అబద్ధమేం కాదు. యిరుమా ముక్కలో ఎడమ చేతి పని ఎఫ్ షార్ప్ మైనర్, డి, ఏ, ఈ. ఐనౌది ముక్కలో ఎఫ్ మైనర్, డి ఫ్లాట్, ఏ ఫ్లాట్, ఈ ఫ్లాట్. అంటే అదే వరస, అర స్వరం కిందికి దించారంతే! కానీ రెండూ పక్కపక్కన వినిపిస్తే ఒకటేనని ఎవరూ అనరు. యిరుమా ఏ, జీ షార్ప్ మీటల మధ్య ఊగుతూ బయల్దేరతాడు. ఐనౌదికి తొందర లేదు, ఒక కార్డు వేసి అది మోగినంతసేపూ ఆగుతాడు. పైగా ఈయన లుచానో బెరియో అంతటి కొరుకుడుపడని స్వరకర్త దగ్గర చదువుకున్నవాడు. చేతకాక తేలిక దారి పట్టాడనుకోలేం.

అసలు సంగతి ఆ ఆగడంలో ఉంది. వీణ మీదైతే మీటాక కూడా తీగ లాగి స్వరాన్ని వంచవచ్చు. పియానోలో ఆ వీలు లేదు. మీట నొక్కగానే ఫెల్టు చుట్టిన సుత్తి తీగను కొట్టి వెనక్కి పడిపోతుంది. ఆ క్షణం నుంచి స్వరం తగ్గిపోతూనే ఉంటుంది, వేలు చేయగలిగిందేమీ లేదు. మిగిలింది కాలు. కుడి పెడల్ తొక్కితే తీగలను అదిమి ఆపే డాంపర్లన్నీ ఒక్కసారి లేచి, కొట్టని తీగలు కూడా సన్నగా పలుకుతాయి. కొత్త కార్డు పడగానే పాదం ఎత్తి, వెంటనే మళ్లీ తొక్కాలి. ఆలస్యమైతే నాలుగు కూరలూ ఒకే గిన్నెలో కలిపినట్టవుతుంది. ముందే ఎత్తితే మధ్యలో గొయ్యి పడుతుంది. అందుకే నేను కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చెయ్యి, పాదం మాత్రమే సాధన చేస్తుంటాను. ఇంట్లోవాళ్లకు అది విసుగే.

స్వరం మోగి ఆరిపోయేదాకా వినడమనే ఈ సంగతిని అందరికంటే దూరం తీసుకెళ్లినవాడు బెర్లిన్‌లో ఉండే పియానిస్టు నిల్స్ ఫ్రామ్. రాత్రిళ్లు వాయిస్తే ఇరుగుపొరుగుకు ఇబ్బందని తీగలకు మందపాటి ఫెల్టు అడ్డం పెట్టి, మైకులను పియానో లోపలికంటా దించాడు. 2011లో వచ్చిన ఆ ఆల్బమ్ పేరూ ‘ఫెల్ట్’ అనే. అందులో స్వరంతో పాటు చెక్క కిర్రుమనడం, మీట లేచి పడిన చప్పుడు కూడా వినిపిస్తాయి. పియానోకు 88 మీటలు కాబట్టి ఏడాదిలో 88వ రోజును పియానో దినంగా జరపడం మొదలుపెట్టిందీ ఆయనే.

ఈ ధోరణిలో వచ్చిందంతా బాగుంటుందని నేననను. నిద్ర పట్టడానికని తయారుచేసే ప్లేలిస్టుల్లో ఏది ఎవరిదో పోల్చుకోలేం. ఐనౌది కూడా కొన్నిచోట్ల సాగదీస్తాడు. అయినా పదో తరగతి పిల్ల పరీక్షల మధ్య కూర్చుని సొంతంగా వాయించుకోగల సంగీతం రాయడం చిన్న విషయం కాదు.

పిల్లలకు కీబోర్డు కొనే తల్లిదండ్రులకో మాట. ఎన్ని రకాల వాయిద్యాల శబ్దాలున్నాయని కాదు, మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుందో లేదో చూడండి. పియానో కుడి పెడల్ పని చేసే సస్టెయిన్ పెడల్ పెట్టుకునే వీలుందో లేదో కూడా అడగండి. ఉంటే ఆ రోజే పెడల్ కూడా కొనేయండి.