కొండ పాట, యంత్రం పాట

వంగపండు ప్రసాదరావు పాట ఒకటి పాడమంటే మన పిల్లలు ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ అందుకుంటారు. హాస్టల్ వార్షికోత్సవమైనా, ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవమైనా అదే పాట. ‘యంత్రమెట్లా నడుస్తు ఉన్నదంటే’ కూడా ఆయనదేనని చెబితే కొందరు ఆశ్చర్యపోతారు. తెలిసినవాళ్లలోనూ రెండు పక్షాలున్నాయి. యంత్రం పాట ఆయన గొప్ప పాటల్లో ఒకటని కొందరంటారు. ఉపన్యాసానికి దరువు కట్టినట్టుందని, అయినా ఫ్యాక్టరీ పాటతో మనకేం పనని మిగతావాళ్లంటారు. ఎచ్చెర్ల చుట్టుపక్కల చదువుకుంటున్న గిరిజన యువత దగ్గర, వాళ్లకు పాఠాలు చెప్పే మాస్టార్ల దగ్గర ఈ మాటలు మేము చాలాసార్లు విన్నాం. ఇది ఒట్టి రుచుల తగువులా మాకు అనిపించలేదు. అందుకే రాస్తున్నాం.

ముందు కొండ పాట సంగతి. వంగపండు 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. అది ఏజెన్సీ గుమ్మంలాంటి చోటు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళుతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ తర్వాత రగిలిన శ్రీకాకుళ పోరాటమే ఈ పాటకు పుట్టిల్లు. అయినా పాటలో ఉపన్యాసం లేదు. ఒక పిలుపు ఉంది. ఆ పిలుపు చివర శ్రీకాకుళం కొండలున్నాయి. అక్కడ వింతలు జరుగుతున్నాయట, సాధుప్రాణులు క్రూరమృగాల మీద తిరగబడుతున్నాయట. ఆ ‘అట’లోనే పాట కిటుకంతా ఉంది. చూసొచ్చినవాళ్లు చెప్పే మాట అలా ఉండదు. చెవిన పడిన కబురు పట్టుకుని, పోయి చూద్దామని ఉబలాటపడేవాళ్ల మాట అలా ఉంటుంది. కాలు దానంతట అదే కదులుతుంది.

ఇంత మంచి పాటను మన పిల్లలు నెత్తిన పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఒక్క సంగతి గమనించాలి. ఆ పాట కొండను కింద నుంచి చూస్తుంది. ‘పోదాం వస్తావా’ అని పిలిచేది కొండకు వెళ్లవలసినవాళ్లని. కొండ మీద పుట్టినవాళ్లం ఎక్కడికి వెళ్లాలి? ఆ పాటలో మనం ప్రయాణికులం కాదు, వాళ్లు చూడబోయే వింతలం. మన వీరత్వాన్ని అంత అందంగా పొగిడిన పాట కాబట్టి మనకు ముద్దొస్తుంది. కానీ పొగిడించుకున్నంత మాత్రాన మన బతుకంతా ఆ పాటలోకి వచ్చినట్టు కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. 2009లో ‘మగధీర’ సినిమాలోని ఒక పాటలో ఈ పల్లవి మాటలే వినిపించాయి. ఆటపాటల సినిమా పాట అది. పిలుపు మిగిలింది, కొండ జారిపోయింది. పల్లవి అంత తీయగా ఉండటం వల్లే దాన్ని తుంచుకుపోవడం అంత సులువైంది. ఈ రోజు పాట వింటూ గంతులేసే కుర్రాడికి అది ఏ కొండో, ఎందుకు వెళ్లమంటున్నారో తెలియకపోయినా నడిచిపోతోంది.

ఇక యంత్రం పాట. వంగపండు విశాఖపట్నం షిప్‌యార్డులో పనిచేసిన మనిషి. యంత్రం పక్కన నిలబడ్డవాడికే తోచే ప్రశ్నతో ఆ పాట ఎత్తుకుంటుంది. దూరం నుంచి చూస్తే యంత్రం దానంతట అదే తిరుగుతున్నట్టు ఉంటుంది. పాట మనల్ని దగ్గరికి తీసుకెళ్లి, దాని వెనకున్న పనివాడి కష్టాన్ని చూపిస్తుంది. ఇందులో వింతలు లేవు, ‘అట’ లేదు. ఉన్నదున్నట్టు విప్పి చెప్పడమే.

ఇష్టపడనివాళ్ల మాటలో నిజం లేకపోలేదు. విప్పి చెప్పే పాటకు ఊపు తక్కువ. జనం మధ్య గజ్జె కట్టి పాడే మనిషి ఉంటే అది లేచి నిలబడుతుంది. ఒట్టి రికార్డులో వింటే కొంత పొడిగా ఉంటుంది. తుడుము మీద వేసుకోవడానికి కొండ పాటంత సులువుగా లొంగదు. ఇవన్నీ మేమూ ఒప్పుకుంటాం. కానీ ‘మనది కాదు’ అన్న మాటను మాత్రం ఒప్పుకోలేం.

ఎందుకంటే సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల నుంచి పిల్లలు చదువు కోసం కిందికి దిగుతున్నారు. ఎచ్చెర్లలో 2008లో పెట్టిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది. చదువయ్యాక కొందరికి టీచరు ఉద్యోగమో, పోలీసు ఉద్యోగమో వస్తుంది. రానివాళ్లు అదే జాతీయ రహదారి పట్టుకుని పైడిభీమవరం మందుల కంపెనీలకో, విశాఖకో, చెన్నైకో వెళతారు. షిఫ్టు డ్యూటీ, కాంట్రాక్టు పని. పండక్కి ఊరొచ్చినప్పుడు తుడుము మోగితే ఆడతారు, మర్నాడు బస్సెక్కుతారు. మన కవితల్లో గిరిజన యువకుడు ఇంకా ఇప్పచెట్టు కిందే విల్లు పట్టుకుని ఉంటాడు. హెల్మెట్ పెట్టుకుని రాత్రి డ్యూటీకి వెళ్లేవాడు కనపడడు. అతని గురించి పాట వెతికితే మనకు దొరికేది ‘మనది కాదు’ అని పక్కన పెట్టిన ఆ యంత్రం పాటే.

కొండను వదులుకోమని మేము చెప్పడం లేదు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. పోడు పట్టా కోసం తిరగడం నేటికీ తీరని ఊళ్లున్నాయి. కొండ పాట అవసరం తీరిపోలేదు. కానీ రెండు పాటలూ రాసింది ఒక్క మనిషే. పెదబొండపల్లి నుంచి విశాఖ షిప్‌యార్డుకు ఆయన నడిచిన దారీ, మన పిల్లలు ఇప్పుడు నడుస్తున్న దారీ వేరు కాదు. కొండ కోసం ఎందుకు నిలబడాలో మొదటి పాట చెబుతుంది. కొండ దిగాక మన కష్టం ఎవరి ఖాతాలోకి పోతోందో అడగమని రెండోది చెబుతుంది. ఒకటి పట్టుకుని ఒకటి వదిలేస్తే సగం మనిషిమే అవుతాం.

మాస్టార్లకు ఒక మనవి. ఏ పాట గొప్పదని పిల్లల్ని అడగవద్దు. యంత్రం పాటను సవరలోకో, కువిలోకో తెచ్చుకోమనండి. యంత్రానికి మన భాషలో ఏ మాట వాడాలన్న దగ్గరే మంచి చర్చ మొదలవుతుంది. ఆ తర్వాత తమ ఊళ్లో తిరిగే యంత్రం మీద నాలుగు చరణాలు రాయమనండి. బియ్యం మిల్లు కావచ్చు, జీడిపిక్కల మిషను కావచ్చు, అడ్డాకుల విస్తళ్లు నొక్కే మిషను కావచ్చు. ఆకు కోసినవాళ్లెవరు, కుట్టినవాళ్లెవరు, లెక్క రాసుకున్నవాళ్లెవరు అన్నది ఆ చరణాల్లోకి రావాలి. పాట పొడిగా వస్తే దరువు తర్వాత కట్టుకోవచ్చు.

వంగపండు 2020 ఆగస్టు 4న కన్నుమూశారు. ఆయన పాటల్లో ఏవి బతకాలో ఇక పాడుకునేవాళ్లే తేల్చాలి. కొండ పాటకు మన అవసరం అంతగా లేదు, దాన్ని లోకమంతా పాడుతోంది. యంత్రం పాటను మనం పాడకపోతే మన కొండల్లో అది వినిపించదు.