లాగౌట్ అయిన నిమిషం

రాత్రిపూట డేటాబేస్ పడిపోయిందని ఫోన్ వస్తే మొదట డిస్క్ నిండిందా, మెమరీ చాల్లేదా అని చూస్తాను. ఆ వారం రెండూ బాగానే ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో మాత్రం ప్రతిసారీ సెమఫోర్ దగ్గర అదే ఫిర్యాదు: 'ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్'. తాను పెట్టుకున్న సెమఫోరే దానికి కనబడటం లేదు. రీస్టార్ట్ చేస్తే లేచేది. సర్దుకుందనుకుని బయటికొచ్చేవాణ్ని. కాసేపటికి మళ్లీ ఫోన్.

మూడో రాత్రి కాగితం తీసి, డేటాబేస్ పడిన సమయాలు ఒకవైపు, 'లాస్ట్' కమాండ్ చూపించిన లాగిన్ లాగౌట్ సమయాలు ఇంకోవైపు రాశాను. నేను లాగౌట్ అయిన నిమిషం, అది పడిన నిమిషం ఒకటే. మూడుసార్లూ అంతే. బాగుచేయడానికి వెళ్లి, వస్తూ వస్తూ నేనే పడగొడుతున్నాను.

లైనక్స్‌లో సెషన్లను చూసుకునే సిస్టమ్‌డి-లాగిన్‌డికి 2014లో 'రిమూవ్‌ఐపీసీ' అనే సెట్టింగ్ వచ్చింది. యూజర్ చివరి సెషన్ ముగియగానే అతని పేరున మిగిలిన షేర్డ్ మెమరీని, సెమఫోర్లను ఊడ్చేస్తుంది. చెత్త పేరుకోకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ సర్వీసుగా నడిచే డేటాబేస్ దాని లెక్కలో సెషన్ కాదు. లోపల మనిషి పనిలో ఉండగానే, వాకిట్లో చెప్పులు లేవని సామాను బయట పడేసినట్టు! సిస్టమ్ యూజర్ల జోలికి మాత్రం పోదు. మా సర్వర్‌లో డేటాబేస్ ఖాతాను మామూలు మనిషి ఖాతాలా 1001 నంబర్‌తో తెరిచారు. నేను నేరుగా ఆ ఖాతాతోనే లాగిన్ అవుతున్నాను. ఆ పేరున నడిచే క్రాన్ పని ముగిసినా ఇదే జరగొచ్చు. అప్పుడు కారణం పట్టుకోవడం ఇంకా కష్టం.

పోస్ట్‌గ్రెస్ 10 నుంచి లైనక్స్‌లో సెమఫోర్ల తీరు మారింది కాబట్టి ఈ దెబ్బ అలా తగలదు. పారలల్ క్వెరీల షేర్డ్ మెమరీకి మాత్రం ముప్పు పోలేదు. పోస్ట్‌గ్రెస్ మాన్యువల్‌లో దీనికి విడిగా ఒక భాగమే ఉంది. ముందే చదివి ఉంటే రెండు రాత్రుల నిద్ర మిగిలేది.

లాగిన్‌డి కాన్ఫిగ్ ఫైల్‌లో 'రిమూవ్‌ఐపీసీ=నో' అని రాసి, ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే సమస్య ఆగుతుంది. నా మాట అడిగితే, ఖాతానే సిస్టమ్ ఖాతాగా తెరవడం అసలైన పద్ధతి.

మీ సర్వర్‌లో 'ఐడీ పోస్ట్‌గ్రెస్' అని కొట్టి చూడండి. నంబర్ వెయ్యో, ఆపైనో వస్తే, ఆ సెట్టింగ్ ఎలా ఉందో చూశాకే లాగౌట్ అవ్వండి.