జొన్నరొట్టె పక్కన ఏముంది?

హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ సూపర్ మార్కెట్‌కు వెళ్లినా జొన్నలకంటూ ఒక అర కనిపిస్తుంది. జొన్న అటుకులు, జొన్న బిస్కెట్లు, జొన్న నూడుల్స్. షుగర్ తగ్గుతుందనో, బరువు దిగుతుందనో ఆశపెట్టే మాటలు ప్యాకెట్ల మీద. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఈ వ్యాపారం ఇంకా ఊపందుకుంది. సంగారెడ్డి మీదుగా అకోలా పోయే 161వ జాతీయ రహదారి పట్టుకుని మద్నూర్ దాటితే మహారాష్ట్ర మొదలవుతుంది. నాందేడ్ జిల్లాలోని దేగ్లూర్ అక్కడికి దగ్గరే. ఆ చుట్టుపక్కల ఊళ్లలో జొన్నను ఎవరూ మందులా తినరు. అది వాళ్ల రాత్రి భోజనం. ఆ భోజనాన్ని దగ్గరగా చూస్తే తెలిసేదేమిటంటే, మనం రొట్టెను మాత్రమే ఎత్తుకొచ్చి, దాని పక్కన ఉండాల్సినవన్నీ అక్కడే వదిలేశాం.

హద్దు మీది వంటిల్లు

1948 దాకా నాందేడ్ నిజాం ఏలుబడిలో ఉంది. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైనప్పుడు మరాఠ్వాడాతో పాటు బొంబాయి రాష్ట్రంలోకి, 1960 మే 1న మహారాష్ట్రలోకి వెళ్లింది. హద్దు గీశారు గానీ చుట్టరికాలు తెగలేదు. దేగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ తాలూకాల్లో తెలుగు మాట్లాడే ఊళ్లున్నాయి. నాందేడ్ పట్నంలో తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలున్నాయి. బోధన్ వైపు, బాసర వైపు పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు ఇప్పటికీ సాగుతున్నాయి. కాబట్టి అక్కడి వంటింట్లో మన పచ్చిపులుసూ ఉంటుంది, మరాఠీ వాళ్ల మిరపకాయ తొక్కు ఠేచా కూడా ఉంటుంది.

నాందేడ్ అనగానే చాలామందికి గురు గోవింద్ సింగ్ 1708లో దేహం చాలించిన చోట వెలసిన హజూర్ సాహిబ్ గుర్తొస్తుంది. అక్కడి లంగర్‌లో అందరితో పాటు నేల మీద కూర్చుని తిన్న గోధుమ రొట్టె, పప్పు గుర్తొస్తాయి. పట్నం దాటి నల్లరేగడి చేల దారి పడితే గోధుమ వెనక్కి తగ్గి జొన్న ముందుకొస్తుంది.

గిర్ని నుంచి పెనం దాకా

రొట్టెకు పనికొచ్చేది యాసంగి జొన్న. వానాకాలపు పంట గింజ పట్టే వేళకు వానలో చిక్కితే బూజు పట్టి నల్లబడుతుంది. యాసంగి పంట వేరు. నల్లరేగడిలో నిలిచిన పదును మీద పెరిగి, పొడి వాతావరణంలో కోతకు వస్తుంది కాబట్టి గింజ తెల్లగా, ముత్యంలా ఉంటుంది. సోలాపూర్ జిల్లా మోహోళ్‌లో 1930లలో ఎంపిక చేసిన ఎం 35-1, అంటే అందరూ మాల్దండి అని పిలుచుకునే రకం, ఇప్పటికీ రొట్టె రుచికి కొలమానం. పక్క జిల్లాలోని పర్భణి వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన పర్భణి మోతికీ మంచి పేరుంది.

పిండి ఎక్కువ పట్టించి నిల్వ చేయరు. వారం పది రోజులకు సరిపడా గింజలు చెరిగి గిర్నికి పంపుతారు. పాతబడ్డ పిండికి జిగురు తగ్గుతుంది, చేదెక్కుతుంది. రొట్టె తడుతుంటేనే విరిగిపోతుంది. ప్యాకెట్ పిండితో రొట్టె రాలేదని తమ చేతిని తిట్టుకునే వాళ్లు ముందు ఆ ప్యాకెట్ మీది తేదీ చూడాలి.

గోధుమ పిండిని సాగదీసి పట్టి ఉంచే గ్లూటెన్ జొన్నలో లేదు. ఆ లోటు తీర్చేది ఎసరు. తెర్లుతున్న నీళ్లను పిండి మధ్యలో పోసి గరిటెతో కలుపుతారు. వేడికి పిండిపదార్థం ఉబ్బి జిగురు దేరుతుంది. చెయ్యి తట్టుకునేంత వేడి ఉన్నప్పుడే అరచేతి మడమతో నొక్కి నొక్కి పిసకాలి. కొత్త కోడలు పళ్లెం ముందు కూర్చుని, "అత్తమ్మా, అంచులు పగుల్తున్నయి" అంటే పొయ్యి దగ్గర నుంచి వచ్చే జవాబు ఒక్కటే: "ఎసరు సరిగ్గ కాగలేదు బిడ్డా. ఇంకింత ఉడుకు నీళ్లు పొయ్యి, మెత్తగ పిసుకు." ముద్దలన్నీ ఒకేసారి చేసి పెట్టుకోరు. ఒక రొట్టె పెనం మీద ఉండగా తర్వాతి ముద్దను మళ్లీ పిసికి తడతారు.

తట్టేటప్పుడు కింద పొడి పిండి చల్లి, వేళ్లతో తిప్పుతూ మధ్య నుంచి అంచులకు జరుపుతారు. మందం అంతటా ఒకటే ఉండాలి, లేకపోతే పొంగదు. రెండు చేతుల మీదికి ఎత్తి, పొడి పిండి అంటిన వైపు పైకి వచ్చేలా పెనం మీద వేసి, వెంటనే పైన తడి చెయ్యి తిప్పుతారు. ఈ తడి రెండు పనులు చేస్తుంది. అంటిన పొడి పిండి మాడకుండా కాపాడుతుంది, పైభాగం పగుళ్లు లేకుండా ఒక పొరగా ఉడకనిస్తుంది. తడి పూర్తిగా ఆరకముందే తిప్పాలి. రెండో వైపు మచ్చలు పడ్డాక పెనం తీసి రొట్టెను నిప్పులకు ఆనిస్తే లోపలి ఆవిరికి బయటికి దారి దొరకక రెండు పొరలూ విడి పొంగుతుంది. నూనె చుక్క పడలేదు, ఉప్పు కూడా చాలా ఇళ్లలో వేయరు. రుచంతా గింజది, నిప్పుది.

కూర, పప్పు, పొడి, మజ్జిగ

ఇక పళ్లెంలోకి వద్దాం. మొదటిది పుంటికూర. ఆంధ్ర గోంగూరలా నూనెలో వేగే పచ్చడి కాదిది. ఆకును ఉడికించి, పులుపు ఎక్కువైతే నీళ్లు వంపేసి, కందిపప్పు, కాసిని జొన్న నూకలు, పల్లీలు, పచ్చిమిరప కలిపి ఉడికించి పప్పుగుత్తితో మెదుపుతారు. ఆఖర్న వెల్లుల్లిని నూనెలో ఎర్రగా వేయించి పైన పోస్తారు. ఒక్క గిన్నెలో ఆకు, పప్పు, ధాన్యం, గింజ నాలుగూ చేరాయి. పుంటికూర లేని రోజుల్లో మెంతికూర, గంగవాయిలికూర, చలికాలంలో లేత శనగాకు, లేత కుసుమాకు.

కూర దొరకని రోజున పిట్ల. పోపు వేసిన నీళ్లు మరుగుతుండగా శనగపిండి ఉండ కట్టకుండా పోసి కలిపితే పది నిమిషాల్లో అయిపోతుంది. పొలం పోయేవాళ్ల మూటలో రొట్టె, పిట్ల, ఉల్లిగడ్డ ఉంటే పూట గడిచినట్టే.

తర్వాత పొడులు. అవిసె గింజలు, నువ్వులు, పల్లీలు, వెర్రినువ్వులు. ఒక్కోదాన్ని విడిగా వేయించి వెల్లుల్లి, మిరప, ఉప్పుతో దంచుతారు. అవిసెల్లో ఒమేగా-3 కొవ్వు దండిగా ఉంటుంది. గింజను అలాగే మింగితే అరగకుండా బయటికి పోతుంది, దంచితేనే ఒంటికి పడుతుంది. మన పెద్దవాళ్లకు ఒమేగా పేరు తెలియదు గానీ, దంచాలన్న సంగతి తెలుసు.

చివర మజ్జిగ. కంధార్ తాలూకా పేరుతోనే ఎర్ర కంధారీ అనే ఆవుల జాతి ఉన్న జిల్లా ఇది. ఎండాకాలంలో జొన్న గటక, పులిసిన అంబలి మజ్జిగతోనే దిగుతాయి.

తగ్గించుకోవాల్సింది కూడా ఈ పళ్లెంలో ఒకటుంది. పక్కనే ధర్మాబాద్, ఎర్ర మిరపకు పేరుపడ్డ మార్కెట్. ఠేచా, తొక్కులు లేకుండా ముద్ద దిగదు. వాటితో పాటు ఉప్పూ లోపలికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు మొత్తం రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు. రోజంతా ఎండలో చెమటోడ్చిన కూలీ తిన్నంత తొక్కు ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాళ్లు తినకూడదు.

జబ్బు నేర్పిన పాఠం

జొన్నను అమృతమని పొగిడేవాళ్లు తెలుసుకోవాల్సిన కథ ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. ఇవాళ మనం జాతీయ పోషకాహార సంస్థ అంటున్న పరిశోధనాలయం 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు వచ్చింది. దక్కన్ పల్లెల పేద కూలీల్లో ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చలించడం అక్కడి వైద్యులు గమనించారు. అది పెల్లాగ్రా, నియాసిన్ అనే బి విటమిన్ లోపం. మక్కజొన్న తప్ప మరొకటి దొరకని దేశాల్లో వచ్చే జబ్బుగానే అప్పటిదాకా దానికి పేరు. ఇక్కడ జొన్న తినేవాళ్లకు వచ్చింది. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడం ఇందుకు కారణమై ఉండవచ్చని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా 1960లో ప్రతిపాదించారు. ఆ వాదం మీద తర్వాత చాలా చర్చ నడిచింది. చర్చ ఎలా ఉన్నా, జబ్బు పడింది జొన్న తప్ప మరేమీ దొరకని వాళ్లు. పప్పు, పాలు, కూర ఉన్న ఇళ్లు కావు.

జొన్నలో లైసిన్ తక్కువ. కంది, శనగల్లో అది ఎక్కువ. జొన్నలో ఇనుము ఉంది, కానీ గింజలోని ఫైటేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి. అంబలి పులిస్తే ఆ పట్టు సడలుతుంది. పళ్లెంలో నిమ్మచెక్కో, పచ్చి కూరగాయో ఉంటే వాటి సి విటమిన్ ఇనుమును ఒంటికి చేరుస్తుంది. పేదరికం పక్కనున్న గిన్నెలను ఒక్కొక్కటే తీసేస్తే అదే రొట్టె జబ్బు తెచ్చింది.

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలు చూడండి. 100 గ్రాముల జొన్నలో పీచు సుమారు 10 గ్రాములు, తెల్ల బియ్యంలో 3 గ్రాముల లోపే. ఇనుము జొన్నలో దాదాపు 4 మిల్లీగ్రాములు, బియ్యంలో ఒకటి కూడా లేదు. శక్తి మాత్రం జొన్నలో 334 కేలరీలు, బియ్యంలో 356. పెద్ద తేడా లేదు. కాబట్టి అన్నం మానేసి నాలుగు రొట్టెలు లాగిస్తే బరువు తగ్గదు. పీచు వల్ల త్వరగా కడుపు నిండి, రెండు రొట్టెలతో ఆగగలిగితే లాభం.

కాలానికొక తిండి

ఈ పళ్లెం ఏడాది పొడుగునా ఒకలా ఉండదు. పుష్యమాసపు చలిలో పాలు పట్టిన జొన్న కంకులను పిడకల నిప్పు మీద కాల్చి నలిపితే ఊచబియ్యం. అక్కడి మరాఠీ వాళ్లు హుర్డా అంటారు. వెల్లుల్లి పొడి, బెల్లం నంజుకుని చేలోనే తింటారు. లాతూర్‌కు ఆనుకున్న తాలూకాల్లో మార్గశిర అమావాస్యను వేళ అమావాస్యగా చేస్తారు. ఇంటిల్లిపాదీ పొలానికి పోయి, కొత్త కుండల్లో తెచ్చిన మజ్జిగ అంబలి, పచ్చి కంది, శనగ, చిక్కుడు గింజలు, ఆకుకూరలు శనగపిండితో కలిపి వండిన కూర, జొన్నపిండి ఉండలు పంచుకుంటారు. భోగికి నువ్వులద్దిన సజ్జరొట్టె, కలగూర. ఇక తెలంగాణ వైపు సద్దుల బతుకమ్మకు రొట్టెను నలిపి బెల్లం కలిపిన మలీద ఉండనే ఉంది. చేలో ఏది చేతికొస్తే అది పండుగ వంట.

పళ్లెం ఎందుకు చిక్కిపోయింది?

1964లో దేశపు తొలి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 వచ్చింది. దిగుబడి పెరిగింది, రొట్టె రుచి తగ్గిందని ఊళ్లు గొణిగాయి. 1972 కరవులో మరాఠ్వాడా జనం విదేశాల నుంచి తెప్పించిన ఎర్ర మిలో జొన్నతో కడుపు నింపుకోవాల్సి వచ్చింది. జొన్న అంటే లేమి అన్న ముద్ర అప్పటి నుంచి ఇంకా గట్టిపడింది. 2013 ఆహార భద్రతా చట్టంతో బియ్యం, గోధుమ చవకగా ఇంటికొచ్చాయి. చేలల్లో పత్తి, సోయా పెరిగాయి. ఇంకో కారణం ఎవరూ పెద్దగా చెప్పరు. రైతు జొన్న వేసింది గింజ కోసం ఎంతో, పశువులకు చొప్ప కోసమూ అంతే. ట్రాక్టర్ వచ్చి ఎడ్లు పోయాక చొప్ప అవసరం తగ్గింది, దాంతో జొన్న కూడా తగ్గింది. జొన్న చేలో అంతరపంటగా వచ్చే కంది, గట్ల మీద మొలిచే పుంటికూర, గంగవాయిలి దాని వెంటే పోయాయి. ఇవాళ దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది ఉంటారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా. జొన్నరొట్టె పోయినందుకే ఇది జరిగిందనడం అబద్ధమవుతుంది. పాలిష్ బియ్యం ఎక్కువై, పప్పూ కూరా తక్కువైన పళ్లేనికి ఇందులో వాటా ఉందనడం మాత్రం నిజం.

మన ఇంట్లో

ఇందుకు ఖరీదైన ప్యాకెట్లేమీ అక్కర్లేదు. యాసంగి తెల్లజొన్నలు రెండు కిలోలు కొని గిర్నిలో పట్టించండి. నీళ్లు బాగా తెర్లించండి. మొదటి వారం రొట్టెలు విరుగుతాయి, విరగనివ్వండి. విరిగిన వాటిని మజ్జిగలో నలుపుకుని ఉల్లిగడ్డ నంజుకుంటే అదీ భోజనమే. పిల్లలకు వేడి రొట్టె మీద నెయ్యి రాసి నువ్వుల పొడి చల్లి ఇవ్వండి. వారానికి రెండు మూడు రాత్రులు చాలు. షుగర్ మందులు వాడుతున్నవాళ్లు తిండి మార్చే ముందు వైద్యుడిని అడగాలి.

ఒక్క షరతు. కూర, పప్పు వండే తీరిక లేని రోజున జొన్నరొట్టె చేసి ఆరోగ్యంగా తిన్నామని అనుకోకండి. ఆ రోజు అన్నంలోకైనా సరే, ముందు పప్పూ ఆకుకూరా వండండి. రొట్టె మర్నాడు చేసుకోవచ్చు.