వేళ తప్పిన పెట్టె

ఇంట్లో ఓ మూల రాత్రీపగలూ నడిచే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న సర్వర్‌ను బాగుచేసేవారి గొప్పతనం సాక్ష్యాన్ని తూచడంలో ఉంది. 2012 నాటి తొలి పై మొదలు నాలుగో తరం దాకా ఆ బోర్డులపై బ్యాటరీ గడియారమే లేదు. కరెంటు పోయి వస్తే పెట్టె మామూలుగా చివరిసారి రాసిపెట్టుకున్న వేళతోనే లేస్తుంది. నెట్ నుంచి అసలు వేళ అందేదాకా లాగ్‌లో తేదీలు నమ్మదగినవి కావు. కొత్త సర్టిఫికెట్లు ‘ఇంకా అమల్లోకి రాలేదు’ అనిపించుకుంటాయి. డీఎన్‌ఎస్ సంతకాలు సరిచూసే ఏర్పాటుంటే మరీ చిక్కు: వేళ తప్పితే పేరు తేలదు, పేరు తేలకపోతే వేళ చెప్పే సర్వర్ దొరకదు. అందరూ నెట్‌ను తిడతారు. నేర్పరి మాత్రం ముందు తేదీ చూస్తారు. తర్వాత బూట్ అయినప్పటినుంచి కెర్నల్ లెక్కపెట్టిన సెకన్లను పట్టుకుని సంఘటనల వరస తేలుస్తారు.

మెమరీ దగ్గరా ఇంతే. ర్యామ్ నిండితే కెర్నల్ సాధారణంగా ఎక్కువ జాగా తిన్న ప్రోగ్రామ్‌ను చంపుతుంది; మెమరీని కొద్దికొద్దిగా కారుస్తున్నది మరొకటి కావచ్చు. ఆపి మళ్లీ వేస్తే సరిపోయేదానికి ఇంత పరిశోధనా అంటారు. నిజమే, ఒకసారికైతే చాలు. కానీ లాగ్ ర్యామ్‌లోనే ఉంటే ఆ స్విచ్చుతో ఆధారమూ పోతుంది. పోనీ కొత్త బోర్డు కొందామంటే, తప్పు కరెంటు అందించే అడాప్టర్‌దైతే అదీ అలాగే మొరాయిస్తుంది. ఇక వేళ సంగతికొస్తే, 2023లో వచ్చిన ఐదో పైలో గడియారం పెట్టారు, సంతోషమే. బ్యాటరీ మాత్రం విడిగా కొనుక్కోవాలి.